మత్తు గదిలో మాటలు

క్లినిక్,
మధ్యాహ్నం భోజనాల వేళ

వదినా,

ఫోన్ చేస్తే నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వవు. ఉత్తరంలో అయితే అడ్డు రాలేవు కదా, అందుకే ఈ దారి పట్టాను. అన్నయ్యకి కూడా ఈ సలహా ఇద్దామనుకున్నాను గానీ, ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలు రాసుకుంటే పోస్ట్‌మ్యాన్ నవ్వుతాడు.

నువ్వు రాజధానికి వెళ్ళి, క్లినిక్కులకి మత్తు పర్మిట్లిచ్చే వైద్య మండలిలో మెంబరువయ్యాక మన గురువారాలు బోసిపోయాయి. మత్తు ఇస్తే తప్ప నోరు తెరవని పేషెంట్లందరినీ ఆ ఒక్క రోజుకే సర్దేవాళ్ళం. నువ్వు మత్తు ఇచ్చి, తల దగ్గర స్టూలు వేసుకుని, ఒక చెయ్యి పేషెంటు గడ్డం కింద ఉంచి, లోకంలో సంగతులన్నీ నాకు చెప్పేదానివి. నేను పన్ను పీకుతూ ఊఁ కొట్టేదాన్ని. పేషెంట్లు అదృష్టవంతులు, మత్తులో సగమే వినేవాళ్ళు.

ఇప్పుడు నువ్వు నన్ను పంపిన మత్తు కోర్సు పూర్తి చేశాను, మత్తు సూది నేనే ఇస్తున్నాను. ఊపిరి చూడటం తప్ప ఇంకో పని ముట్టుకోని మనిషి ఒకరు ఉండాలని మీ కొత్త రూలు కదా, ఆ పనికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. నర్సింగ్ చదివింది, ఆ పైన ఈ పనికి శిక్షణ కూడా తీసుకుంది. తల్లీ తనూ ఈ జీతం మీదే బతకాలి. మనిషి బంగారం. నోరు మాత్రం క్షణం ఊరుకోదు. పేషెంట్లే పిచ్చుక అని పేరు పెట్టేశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు, వణుకుతూ వచ్చినవాళ్ళు ఆ మాటలకే సగం కుదుటపడుతున్నారు. నీ తర్వాత నాకు ఇలాంటి మనిషే దొరకడం నా రాత అనుకో.

గదిలో నీ పద్ధతులేవీ మార్చలేదు. స్టూలు కూడా అక్కడే ఉంది. తనిఖీకి ఎప్పుడొస్తారో ముందే చెప్పు, కర్టెన్లు ఉతికించుకుంటాను.

నీ మరదలు


మండలి ఆఫీసు,
మూడో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యని రోజు

మరదలు పిల్లా,

నేను మాట్లాడనివ్వనా? నువ్వు ఊఁ కొట్టడం తప్ప ఏనాడైనా మాట్లాడితే కదా ఆపడానికి. సరే, నీ ఉత్తరం చూసి నవ్వుకున్నాను. మీ అన్నయ్యకి చదివి వినిపించాను, ఆయన ఊఁ అన్నారు. మీ వంశమే అంత.

ఇక్కడ నా పని వింటే నువ్వూ నవ్వుతావు. ఊపిరి చూసే మనిషి మధ్యలో డాక్టరుకి దూది అందించవచ్చా లేదా అని ఒక పూటంతా వాదించుకున్నాం. ఒక పెద్దాయన, పళ్ళ డాక్టర్లలో బాగా సీనియరు, చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు దూది అందిస్తే ఏం పోతుందన్నారు. ఊపిరి పోతుందన్నాను. అందరూ నవ్వారు, రూలు ఖాయమైంది. పక్కన ఆక్సిజన్ ఉండాలి, ఊపిరి తగ్గితే అరిచే మెషిను చప్పుడు గదంతా వినపడాలి, పేషెంటుకి ఊపిరాడకపోతే ఎవరేం చెయ్యాలో ముందే సాధన చేసి ఉండాలి, ఇవన్నీ వెళ్ళి చూశాకే పర్మిట్ ఇవ్వాలని రాసుకున్నాం.

అయితే చూడాల్సిన క్లినిక్కులు కోకొల్లలు, చూసేవాళ్ళం గుప్పెడు మందిమి. అందుకని మత్తు డాక్టరు ఏళ్ళ తరబడి కూర్చుని పనిచేసిన గదుల్ని తర్వాత చూడొచ్చని ఒక వెసులుబాటు పెట్టించాను. అందులో మొదటి పేరు నీదే. నేను కూర్చున్న గదికి తనిఖీ ఏమిటి? పర్మిట్ పక్కా అయింది, హాయిగా పని చేసుకో. కర్టెన్లు ఎలా ఉన్నా ఎవరూ రారు.

మీ పిచ్చుకకి నా ఆశీస్సులు చెప్పు. స్టూలు ఒక కాలు కొంచెం పొట్టి, కింద అట్టముక్క పెట్టుకోమను.

వదిన


ఆసుపత్రి వరండా

వదినా,

అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను, నీకు చెప్పే ఉంటాడు. అయినా నా చేత్తో నీకు రాయాలనిపించింది.

మన వీధి మలుపులో దర్జీ ఉన్నాడు కదా, మనిషిని ఒకసారి చూస్తే చాలు, టేపు పట్టకుండానే బట్ట కత్తిరించే ఆయన. దవడ పన్ను వాచి తిండి మానేశాడు, సూది చూస్తే మాత్రం పారిపోతాడు. రోజూ సూదితోనే బతుకుతూ ఇదేం భయమయ్యా అని ఆయన భార్యే ఎగతాళి చేసి తీసుకొచ్చింది. ఈ గురువారం మత్తు ఇచ్చి పని మొదలుపెట్టాను. పన్ను గట్టిగా పట్టేసి ఉంది. నా బలమంతా దవడ మీదే ఉంది, నా చూపంతా ఆ పన్ను మీదే ఉంది. పిచ్చుక ఆయన చెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే ఏదో కబురు చెబుతూనే ఉంది. కాసేపటికి రక్తం రంగు తేడాగా అనిపించి తలెత్తాను. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. మెషిను మీద అంకె పడిపోయి ఉంది.

దవడ పైకెత్తాం, ఆక్సిజన్ పెట్టాం, మత్తు విరిగే మందు ఇచ్చాం. ఊపిరి వచ్చింది. మనిషి మాత్రం పూర్తిగా రాలేదు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచాడు, భార్యని గుర్తుపట్టాడు, ఏ రోజు అని అడిగితే ఏడ్చాడు. మెదడుకి కాసేపు గాలి అందలేదంటున్నారు. ఎంత తిరిగి వస్తుందో చెప్పలేమంటున్నారు.

అంత సేపు ఆ పిల్ల ఏం చూస్తోంది వదినా? అక్కడ కూర్చోబెట్టింది అందుకే కదా. నాకు ఒళ్ళు మండిపోతోంది. వెంటనే ఫోన్ చెయ్యి.

మరదలు


మండలి ఆఫీసు

డాక్టరు గారికి,

మీ క్లినిక్‌లో జరిగిన ఘటన మీద మండలికి ఫిర్యాదు అందింది. విచారణ కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ విషయం మీద మీతో ఫోన్‌లో గానీ ఉత్తరాల్లో గానీ మాట్లాడటం పద్ధతి కాదు. పిలుపు వచ్చినప్పుడు హాజరై జరిగింది జరిగినట్టు చెప్పండి. మెషినుని కంపెనీ మనిషి చేత చూపించి, ఆయన మాట రాతపూర్వకంగా పంపండి. మొదటి చూపుకి ఇది దగ్గర కూర్చున్న అమ్మాయి అజాగ్రత్తగానే మావాళ్ళకి కనిపిస్తోంది.

మీ అన్నయ్య క్షేమం. మిమ్మల్ని వేళకి తినమన్నారు.

ఇట్లు,
మండలి మెంబరు


క్లినిక్, తలుపులు వేసి ఉన్న రోజు

వదినా,

నేనూ డాక్టరు గారూ అనే రాద్దామనుకున్నాను, నాకు చేత కావడం లేదు. నీకు సంబంధం కుదిర్చి మా ఇంటికి తెచ్చుకున్నదాన్ని. నన్ను 'మీరు' అన్నావు. ఆ ఒక్క మాటకి ఎంత ఏడ్చానో నీకు తెలియాలి.

దర్జీ ఇంటికి వచ్చేశాడు. చూడటానికి కొట్టుకి వెళ్ళాను. నన్ను చూసి మర్యాదగా లేచి టేపు తీసి భుజం కొలిచాడు, అంకె చెప్పాడు. అంతలోనే మరిచిపోయి మళ్ళీ కొలిచాడు. మూడోసారి కొలుస్తుంటే భార్య వచ్చి మెల్లగా టేపు తీసుకుంది. ఆమె నన్ను తిట్టలేదు. ఇది తగ్గుతుందా డాక్టరమ్మా అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను.

నేను ఎందుకు తలెత్తి చూడలేదా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను, ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ నేను మెషినుని వినలేదు వదినా, నిన్ను విన్నాను. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నా చెయ్యి ఆడేది. నువ్వు మాట మధ్యలో ఆగితే నా చెయ్యి దానంతట అదే ఆగేది, నువ్వు గడ్డం సర్ది మళ్ళీ కబురు అందుకుంటే నేనూ పని అందుకునేదాన్ని. ఇది మనం ఎప్పుడూ అనుకున్నది కాదు, ఎవరూ నేర్పింది కాదు. పిచ్చుక మాటలు ఆగలేదు కాబట్టి అంతా బాగానే ఉందని నా చెవులు నమ్మేశాయి. ఆ అమ్మాయేమో మాటలతో ఆయన్ని కుదుటపరుస్తోంది, ఊపిరి తగ్గితే మెషిను అరుస్తుందిలే అనుకుంది. వాళ్ళకి శిక్షణలో మెషిన్లు చెవులు పగిలేలా అరుస్తాయట.

మనది అరవలేదు. కంపెనీ మనిషి వచ్చి చూశాడు. మెషిను బాగానే ఉంది, ప్రమాదం వచ్చినప్పుడు మోగే శబ్దాన్ని ఎవరో చేత్తో పూర్తిగా తగ్గించి పెట్టారని రాసిచ్చాడు. ఊరికే టిక్కుటిక్కుమనే చప్పుడు ఒకటే తీసేశామని నేను అనుకుంటూ వచ్చాను. చేరిన మొదటి రోజే పిచ్చుక అడిగింది, ఇది పలకదేంటి డాక్టరమ్మా అని. అవసరమైతే అదే అరుస్తుందిలే అన్నాను.

దాన్ని ఎవరు తగ్గించారో నీకు తెలుసా? ఒక్క మాట చెప్పు చాలు.

మరదలు


ఇల్లు

అమ్మాయ్,

ఈ సంగతి రాయవద్దని చెప్పాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ప్రతి ఉత్తరంలోనూ నీ తప్పులు నువ్వే ఏకరువు పెట్టుకుంటే రేపు నిన్ను కాపాడటం ఎవరి వల్లా కాదు. గది నీది, మెషిను నీది, పర్మిట్ నీది. నేను వచ్చేటప్పుడు నా చెవులు నాతో తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆ గదిలో ఏది పలుకుతోందో ఏది పలకడం లేదో చూసుకోవాల్సినదానివి నువ్వే.

విచారణ రోజున, బంధుత్వం ఉంది కాబట్టి నేను గదిలోంచి లేచి వెళ్ళిపోతాను. అదే న్యాయం. నువ్వు అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు, అడగనిది చెప్పకు.

వదిన


క్లినిక్

వదినా,

న్యాయం చక్కగా జరిగింది. నువ్వు కుర్చీ వెనక్కి జరుపుకుని, కళ్ళజోడు తీసుకుని బయటికి వెళ్ళావు. నా పక్క నుంచే వెళ్ళావు గానీ నా వైపు చూడలేదు.

వాళ్ళు ఎక్కువసేపు తీసుకోలేదు. చప్పుడు ఎవరో తగ్గించారని కాగితం ఉంది. నిరంతరం మాట్లాడే అమ్మాయి ఎదురుగా ఉంది. తన కబుర్లకి అడ్డం రాకుండా ఈవిడే తగ్గించుకుందని తేల్చుకోవడానికి ఎంతసేపు కావాలి? ఆ పిల్ల లేచి నిలబడి, నేను ముట్టుకోలేదండీ, కావాలంటే మా డాక్టరమ్మని అడగండి అంది. అందరూ నా వైపు తిరిగారు. ఎవరు తగ్గించారో మీకు తెలుసా అని ఆ పెద్దాయన, నీ దూది పెద్దాయనే, అడిగారు.

తెలియదన్నాను.

అబద్ధం కాదు, నువ్వు నాకు చెప్పలేదు కదా. నిజమూ కాదు, నువ్వు చెప్పనప్పుడే నాకు తెలిసిపోయింది. నీ పేరు నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. అన్నయ్య మొహం కళ్ళ ముందు మెదిలింది. మనింటి పరువు ఆ పిల్ల అన్నం కంటే పెద్దదైపోయింది ఆ క్షణాన. తలెత్తి ఎందుకు చూడలేదని అడిగితే, ఆమె మాట్లాడుతూ ఉంది కాబట్టి పర్వాలేదనుకున్నానని చెప్పాను. అదీ ఆమె నేరం కిందే రాసుకున్నారు. నన్ను మందలించి వదిలేశారు. ఆమె ఇకమీదట ఏ క్లినిక్‌లోనూ మత్తు పేషెంటు దగ్గర కూర్చోకూడదని ఉత్తర్వు ఇచ్చారు.

నిన్న పిచ్చుక క్లినిక్ కోటు ఉతికి మడతపెట్టి తెచ్చి ఇచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. అంతసేపూ ఒక్క మాట లేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "నేను నోరు మూసుకుని ఉంటే మీరు తలెత్తి చూసేవారా డాక్టరమ్మా?" అని అడిగింది.

ఏమని చెప్పను వదినా? నువ్వే చెప్పు.

మరదలు


ఇల్లు, వంటగది బల్ల మీద

నా బంగారు మరదలికి,

నేనే తగ్గించాను.

ఆ మెషిను అరిచినప్పుడల్లా పేషెంట్లు ఉలిక్కిపడి లేచేవాళ్ళు, నీ చెయ్యి బెదిరేది. నేను ఉండగా ఇది అరవడమెందుకు అనుకున్నాను. గడ్డం కింద చెయ్యి పెడితే అది అరవకముందే నాకు తెలిసిపోయేది, ఆ పొగరు నాకు ఉండేది. వెళ్ళేరోజు నీకు చెప్పాననే అనుకుంటూ వచ్చాను. నీ ఉత్తరం చూశాక ఎంత గుర్తు చేసుకున్నా, చెప్పానో లేదో తేలడం లేదు. ఇన్నేళ్ళు ఆ స్టూలు మీద కూర్చుని ప్రపంచంలో సంగతులన్నీ నీకు చెప్పాను. చెప్పాల్సిన ఆ ఒక్కటీ చెప్పానో లేదో నాకే తెలియదు.

విచారణ రోజున వరండాలో నిలబడి తలుపు సందులోంచి ఆ అమ్మాయి గొంతు విన్నాను. లోపలికి వెళ్ళాల్సింది. బంధువుని కాబట్టి వెళ్ళకూడదని నాకు నేను రూలు చెప్పుకున్నాను. రూళ్ళు రాయడం వచ్చినవాళ్ళకి వాటి వెనక దాక్కోవడం కూడా బాగానే వస్తుంది. నీ ఉత్తరం మీ అన్నయ్యకి ఇచ్చాను. చదివి, ఊఁ అనలేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అన్నారు.

ఇవాళ పొద్దున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను, రాసిచ్చాను. మండలిలోంచి తప్పుకున్నాను. నీ వాంగ్మూలం మళ్ళీ తీసుకుంటారు, ఈసారి నా పేరు మింగకు. ఆ అమ్మాయి మీద ఉత్తర్వు రద్దు చేస్తామన్నారు. నేను పెట్టించిన వెసులుబాటు కూడా తీసేశారు. అందులో ఉన్న గదులన్నిటికీ వెంటనే మనుషుల్ని పంపారు. నాలాంటి మహానుభావులు కూర్చుని లేచిన గదులు చాలావాటిల్లో మెషిన్లు మూగవిగానే ఉన్నాయట. మా మీద గౌరవంతో ఎవరూ వాటిని కదపలేదు. ముందే వెళ్ళి చూసి ఉంటే దర్జీ ఇవాళ టేపు లేకుండా బట్ట కత్తిరిస్తూ ఉండేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, కాలినవి మాత్రం వేరేవాళ్ళ చేతులు.

ఇప్పుడు నాకు పనేం లేదు. నువ్వు ఊఁ అంటే ప్రతి గురువారం బస్సెక్కి వస్తాను. తల దగ్గర నేనే కూర్చుంటాను. శబ్దం పూర్తిగా పెట్టుకుందాం. నోరు కుట్టుకుని కూర్చోమన్నా కూర్చుంటాను.

వదిన


క్లినిక్

వదినా,

నా వాంగ్మూలం ఇచ్చి వచ్చాను. తెలియదన్న మాట వెనక్కి తీసుకున్నాను. పెద్దాయన రాసుకుంటూ, మొదటిసారే చెప్పి ఉండాల్సిందమ్మా అన్నారు. అవునన్నాను. మత్తు ఇచ్చే పర్మిట్ నేనే తిరిగి ఇచ్చేశాను, వాళ్ళు అడగలేదు. ఇక భయస్తులైన పేషెంట్లని పెద్దాసుపత్రికి రాసి పంపుతున్నాను. కొందరు వెళుతున్నారు. కొందరు అంత దూరం వెళ్ళలేక బుగ్గకి చెయ్యి ఆనించుకుని ఇంటికే పోతున్నారు. దానికి కూడా మనమే కారణం అనిపిస్తుంది.

రద్దు ఉత్తర్వు పట్టుకుని పిచ్చుక ఇంటికి వెళ్ళాను. లేదు, దర్జీ కొట్లో ఉంటుందని వాళ్ళమ్మ చెప్పింది. అక్కడికి వెళితే, ఆయన కుట్టు మిషను పక్కన కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళ కొలతలు తను పట్టుకుని, ఆయన బట్ట మీద గీత గీసేదాకా అంకె మళ్ళీ మళ్ళీ చెబుతోంది. అంకెలు తప్ప వేరే మాట లేదు. ఆమె ఎవరో ఆయనకి తెలియదు, రోజూ కొత్తగా పలకరిస్తాడట. భార్యకి తెలుసు. మొదటి రోజు గుమ్మంలోంచే వెళ్ళగొట్టిందట, రెండోరోజూ వెళ్ళగొట్టిందట, తర్వాత ఊరుకుందట. ఇదంతా భార్యే చెప్పింది. ఉత్తర్వు చేతికిస్తే పిచ్చుక చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చింది. పనిలోకి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపి మళ్ళీ అంకె చెప్పడం మొదలుపెట్టింది.

గురువారాలు వస్తానన్నావు. వద్దు వదినా. కోపంతో అనడం లేదు. నీ మీద ఉన్నదంతా ఆ ఉత్తరం చదువుతూ ఏడ్చేశాను, ఇంకేం మిగల్లేదు. నువ్వు పక్కన ఉంటే నేను మళ్ళీ నీ మీద ఆనుకుంటాను, నువ్వు మళ్ళీ నీ చేతిని నమ్ముకుంటావు. మనం మంచివాళ్ళం, ఒకరినొకరు ప్రేమించుకున్నాం, అందుకే ఒకరినొకరు తనిఖీ చేసుకోలేదు. ఇక మనిద్దరం ఒకే పేషెంటు దగ్గర ఉండకూడదు.

ఆదివారం రా. అన్నయ్యని కూడా తీసుకురా. భోంచేద్దాం, నీ ఇష్టం వచ్చినంత మాట్లాడు. సాయంత్రం మాత్రం నాతో దర్జీ కొట్టుకి రావాలి. నేను రోజూ ఒక్కదాన్నే వెళ్ళి నిలబడుతున్నాను, ఆ అమ్మాయి నాతో ఇంకా మాట్లాడటం లేదు.

నీ మరదలు